ఆ చీమ పేరేమిటి?

సింహాచలం వెళ్ళి వచ్చిన పిల్లలకు అక్కడి స్థలపురాణం తెలిసే ఉంటుంది. ప్రహ్లాదుడు పూజించిన స్వామి విగ్రహం, ఆయన తరవాత పూజించేవారు లేక, కొండ మీద ఒక పుట్టలో మరుగుపడిపోయిందట. ఎంతో కాలానికి చంద్రవంశపు రాజైన పురూరవుడు అటు వచ్చి, పుట్ట తవ్వించి స్వామిని బయటికి తీశాడట. తీసివేసిన పుట్టమన్నుకు బదులుగా స్వామికి చందనం పూయమని ఆజ్ఞ అయిందట. అందుకే స్వామి ఏడాది పొడుగునా చందనం కింద ఉండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రం నిజరూపంతో దర్శనమిస్తాడు.

ఆ పుట్టను పెట్టినవి ఏవి? "చీమలు" అని మనం చప్పున అనేస్తాం. "చీమలపుట్ట" అన్న మాట మనకు అంత అలవాటు. కాని మన పొలాల్లో, అడవుల్లో మనిషి ఎత్తున లేచే పుట్టలు పెట్టేవి చెదపురుగులు. చెదపురుగుకు దగ్గిర చుట్టం బొద్దింక. చీమకు దగ్గిర చుట్టాలు కందిరీగలూ, తేనెటీగలూ. ఈ రెండింటికీ చుట్టరికం లేకపోగా పగ కూడా ఉన్నది. చెదలను వేటాడి తినే చీమలు మన దేశంలో చాలా ఉన్నాయి.

చూశారా, రోజూ చూసే ప్రాణి విషయంలోనే మనం పేరు తారుమారు చేస్తున్నాం. అలాటప్పుడు, ఇదివరకెన్నడూ చూడని చీమ ఒకటి కంటబడితే అది ఏ చీమో తేల్చటం ఎలా? అది నిజంగా అరుదైన చీమే అయితే ఆ సంగతి పదిమందినీ నమ్మించటం ఎలా? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

ముందు చూడవలసినవి

మీరు తొలిపావంచా దగ్గిర బయలుదేరి మెట్లదారిన కొండ ఎక్కుతున్నారనుకోండి. దారి పక్క ఒక చెట్టు మొదట్లో వింతగా ఉన్న చీమ కనిపించింది. "ఎర్రగా ఉన్నది, పొడుగ్గా ఉన్నది" అని ఇంటికి వచ్చి చెబితే ఎవరికీ ఏమీ తెలియదు. చీమలను పోల్చుకునేవారు రంగును అన్నిటికంటె ఆఖరున చూస్తారు. ఎందుకంటే రంగు మోసం చేస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ మామిడిచెట్ల మీద ఆకులను కలిపి కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమ. దీనికి 1775 లో ఫాబ్రిషియస్ అనే శాస్త్రజ్ఞుడు "స్మరాగ్డినా" అని పేరు పెట్టాడు. ఆ మాటకు మరకతం వంటిది, అనగా పచ్చనిది, అని అర్థం. ఎర్రచీమకు ఈ పేరేమిటి? చిత్రమేమంటే, ఆ గూళ్ళలో ఉండే రాణిచీమ ఆకుపచ్చగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో అయితే ఇదే జాతి పనిచీమలకు పొట్ట ఆకుపచ్చగా ఉంటుంది. ఒకే జాతి ఒకచోట ఎరుపు, ఒకచోట పచ్చ!

రంగు పనికిరాకపోతే మరి ఏం చూడాలి? ముఖ్యంగా నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది, అది అసలు చీమేనా? చీమకు ఆరు కాళ్ళు. మీసాలు మోచెయ్యి వంగినట్టు మధ్యలో వంగి ఉంటాయి. చెదపురుగు మీసాలు పూసల దండలాగా తిన్నగా ఉంటాయి; నడుము కూడా సన్నగా ఉండదు. ఇంకొక మాయగాడున్నాడు. ఇందాక చెప్పిన ఎర్రచీమలను అచ్చంగా పోలి ఉండే సాలీడు ఒకటి మన దేశంలో ఉన్నది. అది ముందుకాళ్ళు రెండూ పైకెత్తి మీసాల్లాగా ఆడిస్తూ చీమల మధ్య తిరుగుతుంది. కాళ్ళు లెక్కపెడితే దాని గుట్టు రట్టవుతుంది. ఎనిమిది ఉంటాయి!

రెండవది నడుము. చీమ రొమ్ముకూ పొట్టకూ మధ్య సన్నని కాడ ఉంటుంది. దాని మీద బుడిపెలు ఉంటాయి. కొన్ని చీమలకు ఒకటే బుడిపె, కొన్నింటికి రెండు. గండుచీమకు ఒకటి. కుట్టి మంటపెట్టే చిన్న ఎర్రచీమకు రెండు. ఈ ఒక్క సంగతి చూస్తే చాలు, చీమల లోకం మన ముందు రెండు గుంపులుగా చీలిపోతుంది.

మూడవది మీసం. భూతద్దంలో చూస్తే చీమ మీసం చెరకుగడలాగా కణుపులు కణుపులుగా కనిపిస్తుంది. ఆ కణుపులను లెక్కపెట్టాలి. గండుచీమకు పన్నెండు. కుట్టే చిన్న ఎర్రచీమకు పది. వాటిలో చివరి రెండూ లావుగా గదలాగా ఉంటాయి. వీపు మీద డాలు ఉన్నట్టుండి, ముట్టుకుంటే ముడుచుకుని చచ్చినట్టు నటించే చిన్న బొచ్చుచీమ ఒకటి ఉన్నది, దానికి తొమ్మిదే.

నాలుగవది ఆయుధం. కొన్ని చీమలకు కందిరీగకు మల్లేనే పొట్ట చివర కొండి ఉంటుంది. గండుచీమకు కొండి లేదు. అది దవడలతో కరిచి, ఆ గాటు మీద పొట్ట చివరి రంధ్రం నుంచి పుల్లని ద్రవం చిమ్ముతుంది. 1671 లో జాన్ రే అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు చీమలను బట్టీపట్టి ఈ ఆమ్లాన్ని తీసిన వృత్తాంతం ప్రకటించాడు. లాటిన్ భాషలో చీమను "ఫార్మికా" అంటారు గనక దానికి ఫార్మిక్ ఆమ్లం అని పేరు వచ్చింది.

ఒకే ఇంటివాళ్ళు, వేరు వేరు మొహాలు

ఇన్ని చూసినా పొరపాటుకు చోటున్నది. ఒక గండుచీమల పుట్ట దగ్గిర కాసేపు కూర్చోండి. పెద్ద తల చీమలు, చిన్న తల చీమలు, మధ్యరకం చీమలు వస్తూ పోతూ ఉంటాయి. అవన్నీ ఒకే రాణి పిల్లలు. తొలకరి వానలు పడగానే రెక్కల చీమలు లేస్తాయి. వాటిలో పెద్దవి కాబోయే రాణులు, చిన్నవి మగచీమలు. ఒక జాతిలోనే ఇన్ని రూపాలు. అందుచేత వేరు వేరు చోట్ల విడివిడిగా దొరికిన చీమలను చూసి, "ఇది ఒక జాతి, అది ఒక జాతి" అని పూర్వపు శాస్త్రజ్ఞులు ఎన్నోసార్లు పొరబడ్డారు.

ప్రాణులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి నేర్పిన మహాపండితుడు లిన్నేయస్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆఫ్రికాలో దండులుగా కదిలే ఒకరకం చీమలో మగదానికి పెద్ద పొట్ట, పొడుగు రెక్కలు ఉంటాయి. దాన్ని ఆయన కందిరీగ అనుకుని 1764 లో కందిరీగల పేరుతోనే ప్రకటించాడు! పనిచీమలకు ఒక పోలికా, మగచీమకు మరో పోలికా అయితే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అందుకే నేటి శాస్త్రజ్ఞులు వీలైనంతవరకు ఒక్క చీమతో సరిపెట్టుకోరు. ఒకే పుట్టనుంచి పనిచీమలను, రాణిని, మగచీమలను చూసి పోల్చుకుంటారు.

చీమలను వర్ణించిన డాక్టరు

ఇప్పుడు ఒక డాక్టరు కథ చెబుతాను. ఆయన పేరు థామస్ జెర్డన్. 1811 లో ఇంగ్లండులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా చేరి 1836 లో మద్రాసు వచ్చాడు. కంపెనీవారు ఆయన్ను ముందుగా గంజాం జిల్లాకు పంపారు. అక్కడ సిపాయిలు జ్వరాలతోనూ, రక్తవిరేచనాలతోనూ బాధపడుతున్నారు. సింహాచలం కొండ ఏ తూర్పు కనుమలలోదో ఆ కనుమలే గంజాంలోనూ ఉన్నాయి. రోగులకు మందులిచ్చి, తీరిక దొరికినప్పుడు జెర్డన్ ఆ కొండల్లోని పక్షులను పరిశీలించాడు. తరవాత నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నాడు. 1847 నుంచి మలబారు తీరాన తలచేరిలో ఉద్యోగం చేశాడు.

జెర్డన్ ముఖ్యంగా పక్షుల పండితుడు. ఆయన రాసిన "భారతదేశపు పక్షులు" అనే గ్రంథం 1862-64 సంవత్సరాల్లో వెలువడింది. అందులో పక్షుల తెలుగు పేర్లు కూడా ఎన్నో రాశాడు. మన కడప అడవుల కలివికోడిని శాస్త్రలోకానికి తెలియజేసినది కూడా ఆయనే. 1848 లో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయనామం పెట్టాడు. 1900 తరవాత అది ఎవరికీ కనపడక, అంతరించిపోయిందని అందరూ అనుకున్నారు. 1986 లో మళ్ళీ కడప జిల్లాలోనే దొరికింది.

ఇంత పక్షుల పిచ్చి ఉన్న మనిషి నేల మీది చీమలను కూడా వదలలేదు. 1851 లో ఆయన దక్షిణ భారతదేశపు చీమల జాబితా ఒకటి మద్రాసు నుంచి వెలువడే శాస్త్ర పత్రికలో ప్రకటించాడు. వరుసగా ఊరేగింపు పోయినట్టు నడిచే నల్లచీమకు ఆయన "ప్రొసెషనాలిస్" అని పేరు పెట్టాడు. తల నలుపు, రొమ్ము ఎరుపు, పొట్ట నలుపుగా ఉండి, ఎండుకొమ్మల్లో కాపురం చేసే కొండిచీమకు "రుఫోనైగ్రా", అనగా ఎరుపు నలుపు, అని పేరు పెట్టాడు. ఈ రెండూ ఈనాటికీ మన ఊళ్ళలో కనిపించే చీమలే. ఎండుకొమ్మ చీమ చేత కుట్టించుకున్న వాళ్ళు దాన్ని మరిచిపోరు!

ఆ జాబితాలో అన్నిటికన్నా వింతైన చీమ మరొకటి ఉన్నది. దాని పొడుగు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. కళ్ళు పెద్దవి. దవడలు పొడుగ్గా, సన్నగా, ముందుకు సాగి కొడవళ్ళలాగా పైకి వంగి ఉంటాయి. అన్నిటినీ మించి, అది గెంతుతుంది! బెదిరితే పది సెంటీమీటర్ల దాకా ఎగిరి పడుతుంది. జెర్డన్ దీనికి "హార్పెగ్నాథస్ సాల్టేటర్" అని పేరు పెట్టాడు. మొదటి మాటకు కొడవలి దవడ అని అర్థం, రెండవ మాటకు గెంతేది అని అర్థం. పేరు వింటేనే చీమ కళ్ళకు కడుతుంది.

వర్ణన నిలిచింది

ఇక్కడ పిల్లలు గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఒక జాతికి పేరు పెట్టేటప్పుడు, ఏ ప్రాణిని చూసి వర్ణించారో ఆ ప్రాణినే భద్రంగా దాచాలి. నూరేళ్ళ తరవాత ఎవరికన్నా సందేహం వస్తే, ఆ మొదటి నమూనాను తీసి చూసి తేల్చుకోవచ్చు. కోర్టులో అసలు దస్తావేజు ఎట్లాంటిదో ఇది అట్లాంటిది.

కాని జెర్డన్ చూసి వర్ణించిన చీమలు నేడు ఎక్కడా ఉన్నట్టు తెలియదు. ఆయన రాసిన మాటలు మాత్రమే మిగిలాయి.

అసలు దస్తావేజు పోతే ఏమయింది? గెంతే చీమ విషయంలో ఏ నష్టమూ కలగలేదు. దాని దవడలూ, కళ్ళూ, గెంతుడూ జెర్డన్ చక్కగా రాశాడు గనక, తరవాత ఎవరు చూసినా "ఇది జెర్డన్ చీమే" అని పోల్చుకోగలిగారు. 1903 లో బింగ్‌హామ్ అనే సైనికాధికారి మన దేశపు చీమల మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. అందులోనూ ఆ చీమ తన పేరుతో తన చోటులో ఉన్నది.

జెర్డన్ రెండు మూడు వాక్యాల్లో ముగించిన కొన్ని చిన్నచీమల సంగతి వేరు. "చిన్నది, నల్లనిది" అంటే అటువంటివి వందలున్నాయి. నమూనా లేదు, వర్ణన చాలదు. అవి ఏ చీమలో తేల్చలేక శాస్త్రజ్ఞులు కొన్ని పేర్లను పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ పేర్లు నేటికీ పుస్తకాల్లో ఉన్నాయి. వాటి చీమలు మాత్రం లేవు. తప్పిపోయిన చీమ కొండ మీద ఇంకా తిరుగుతూనే ఉండవచ్చు. కాని దానికీ దాని పేరుకూ మధ్య ఉండవలసిన నాలుగు మాటలు లేకుండా పోయాయి!

నిలిచిన వర్ణన ఎంత పనిచేసిందో చూడండి. గెంతే చీమను పోల్చుకోగలిగారు గనకనే దాన్ని పరిశోధించగలిగారు. అది నేలలో గూడు కట్టుకుని, లోపలి గది గోడలకు తన పిల్లలు వదిలేసిన పట్టుగూళ్ళ ముక్కలు అతికిస్తుందని తెలిసింది. రాణి చనిపోతే పనిచీమలు మీసాలతో ఒకదాన్నొకటి కొట్టుకుంటూ రోజుల తరబడి పోటీ పడతాయి. గెలిచినవి గుడ్లు పెట్టటం మొదలుపెడతాయి. అప్పుడు వాటి మెదడు ఇంచుమించు అయిదోవంతు తగ్గిపోతుంది. ఏడు నెలలు బతకవలసిన చీమ నాలుగేళ్ళు బతుకుతుంది. దాన్ని ఆ పదవి నుంచి తప్పిస్తే మెదడు మళ్ళీ పెరుగుతుందని 2021 లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇటువంటి ప్రాణి మరొకటి కనపడటం కష్టం. 2010 లో మొట్టమొదటిసారిగా చీమల జన్యుపటాన్ని తయారుచేసినప్పుడు, అందుకు ఎన్నుకున్న రెండు జాతుల్లో ఇదొకటి కావటానికి కారణం ఇదే.

చీమ ఉన్నది, చోటు లేదు

దీనికి సరిగ్గా తిరకాసుగా ఉండే కథ ఆస్ట్రేలియాలో జరిగింది. 1931 లో కొందరు పశ్చిమ ఆస్ట్రేలియాలో చాలా దూరం ప్రయాణం చేస్తూ దారిలో కనిపించిన పురుగులను పోగుచేశారు. వాటిలో రెండు లేతపసుపు రంగు చీమలున్నాయి. 1934 లో జాన్ క్లార్క్ అనే ఆయన వాటిని వర్ణించి "నోథోమిర్మీషియా మాక్రాప్స్" అని పేరు పెట్టాడు. చీమల పూర్వీకులు ఎట్లా ఉండేవో తెలుసుకోవటానికి ఈ చీమే ఆధారమని తరవాత శాస్త్రజ్ఞులు గ్రహించారు.

మరి అది దొరికిన చోటు? దారి పొడుగునా ఏరిన పురుగులన్నీ ఒకచోట కలిపేశారు గనక ఏ చీమ ఎక్కడిదో ఎవరికీ సరిగా తెలియదు! నమూనా ఉన్నది; వర్ణన ఉన్నది; చోటు మాత్రం చీటీ మీద లేదు. దానికోసం ఎన్నో బృందాలు ఆ ఎడారి అంచుల్లో ఏళ్ళ తరబడి వెతికి వట్టిచేతులతో తిరిగి వచ్చాయి.

చివరకు 1977 లో రాబర్ట్ టేలర్ అనే శాస్త్రజ్ఞుడి బృందానికి దక్షిణ ఆస్ట్రేలియాలోని పూచేరా అనే చిన్న ఊరి దగ్గిర ఆ చీమ దొరికింది. అందరూ వెతికిన ప్రాంతానికి అది వెయ్యి కిలోమీటర్లకు ఎడంగా ఉన్నది. ఇంకొక విశేషం చూడండి. చీమలను ఎవరైనా వెచ్చని పగటివేళ వెతుకుతారు. ఈ చీమ చలిరాత్రులలో, మిగిలిన చీమలు ముడుచుకుని పడుకున్నప్పుడు బయటికి వస్తుంది. మనం వెతికిన చోటూ తప్పు, వెతికిన వేళా తప్పు!

అందుచేత "అరుదు" అన్న మాటను ఆచితూచి వాడాలి. కొన్ని ప్రాణులు నిజంగానే కొద్దిగా ఉంటాయి. కొన్ని మన కళ్ళు పోని చోట, మనం లేవని వేళ హాయిగా కాపురం చేస్తూ ఉంటాయి. కొన్ని నేల అడుగునే పుట్టి, అక్కడే చనిపోతాయి. వాటిని చూడాలంటే రాలిన ఆకులనూ, మట్టినీ జల్లెడ పట్టవలసిందే.

వింతచీమ కొత్తచీమ కాకపోవచ్చు

విశాఖపట్నం వంటి రేవుపట్నంలో మరొక చిక్కున్నది. 1933 లో ఆ రేవులోకి సముద్రపు ఓడలు రావటం మొదలయింది. లోకంలో ఓడలు తిరిగే ప్రతి చోటికీ వాటితోపాటు దుంగలలో, మొక్కల కుండీలలో, ధాన్యపు బస్తాలలో చీమలు కూడా ప్రయాణం చేస్తూనే ఉన్నాయి. అందుచేత మీకు కనిపించిన వింతచీమ మన కొండలకే చెందిన అరుదైన జాతి కావచ్చు, పరదేశం నుంచి టిక్కెట్టు లేకుండా దిగిన అతిథి కూడా కావచ్చు.

ఇందాక చెప్పుకున్న పది కణుపుల మీసాల ఎర్రచీమ అసలు మనది కాదని మీకు తెలుసునా? దాని పుట్టిల్లు ఉష్ణమండలపు అమెరికా. పదహారవ శతాబ్దంలో మెక్సికోకూ ఫిలిప్పీన్ దీవులకూ మధ్య వెండి, పట్టు వర్తకం చేసిన స్పెయిన్ దేశపు ఓడల్లో అది పసిఫిక్ సముద్రం దాటి ఆసియాకు చేరిందని 2015 లో దాని జన్యువులను పరిశీలించినవారు తేల్చారు. మన తాతల తాతలను కూడా కుట్టిన చీమ గనక మనదే అనుకుంటున్నాం!

ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పెట్టిన చీమల జాతులు పధ్నాలుగు వేలకు పైబడి ఉన్నాయి. 2016 లో ప్రకటించిన జాబితా ప్రకారం మన దేశంలో జాతులూ, ఉపజాతులూ కలిసి 828 ఉన్నాయి. కొత్త జాతి అని చెప్పాలంటే, దాన్ని ఈ జాబితాలోని దగ్గిర చుట్టాలన్నిటితోనూ పోల్చి, ఏ ఒక్కదానితోనూ సరిపడదని చూపాలి. తల వెడల్పు, తల పొడుగు, మీసం పొడుగు మిల్లీమీటరులో నూరోవంతు దాకా కొలవాలి. బొమ్మలు గీయాలి. నమూనాను మ్యూజియంలో దాచాలి. అప్పుడు శాస్త్ర పత్రికలో ప్రకటించాలి. ఆ పేరు పక్కనే పెట్టినవారి పేరూ, సంవత్సరమూ ఉంటాయి. "హార్పెగ్నాథస్ సాల్టేటర్ జెర్డన్, 1851" అని రాసేది అందుకే. ఏదైనా తప్పు ఉంటే ఎవరిని అడగాలో కూడా తెలియాలి గదా!

మీరు చెయ్యగల పని

కణుపులు లెక్కపెట్టటానికి సూక్ష్మదర్శిని కావాలి. అయినా భూతద్దమూ, స్కేలూ, పెన్సిలూ, ఒక నోటు పుస్తకమూ ఉన్న పిల్లలు చెయ్యగలిగినది చాలా ఉన్నది.

చీమ కనిపించగానే ముందు తారీకూ, వేళా, చోటూ రాయండి. "సింహాచలం" అంటే చాలదు. మెట్లదారిలో ఎంత ఎత్తున, ఏ చెట్టు కింద, ఎండలోనా నీడలోనా అన్నది కూడా రాయాలి. ఎన్ని చీమలు ఉన్నాయి? ఒంటరిగా ఉన్నదా, బారుగా పోతున్నవా? నోట ఏమి కరుచుకున్నది? అడ్డం పెడితే పారిపోయిందా, పొట్ట పైకెత్తిందా, గెంతిందా? పుట్ట ద్వారం గుండ్రంగా ఉన్నదా, చుట్టూ మట్టి పోసి ఉన్నదా? ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను ఉంటే మూడు వైపులనుంచి బొమ్మ తీయండి: ఎదటినుంచి మొహం, పక్కనుంచి నడుము, పైనుంచి వీపు. చీమల శాస్త్రజ్ఞులు కూడా ఈ మూడు బొమ్మలే తీస్తారు. పక్కన స్కేలు ఉంచటం మరిచిపోవద్దు.

ఆ ఊళ్ళో దానికి వాడుక పేరు ఉంటే అదీ రాయండి. మీ నాయనమ్మనో, తోటమాలినో అడిగితే చెబుతారు. శాస్త్రనామం లోకమంతటికీ ఒకటే. వాడుక పేరులో ఆ ఊరి అనుభవం ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. చీమలను పట్టి సీసాల్లో పెట్టకండి. సింహాచలం కొండలను ఆనుకుని ఉన్న కంబాలకొండ అడవి అభయారణ్యం. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఏ ప్రాణినీ పట్టగూడదు. పెద్ద శాస్త్రజ్ఞులు కూడా ముందు అనుమతి తీసుకునే వెళతారు. చూడటానికీ, రాయటానికీ మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ పెరడూ, బడి ఆవరణా, వీధి చివరి చింతచెట్టూ మీకు చాలు.

విశాఖపట్నం పెరుగుతున్నకొద్దీ కొండల అంచుల వెంట ఇళ్ళూ, రోడ్లూ వస్తున్నాయి. ఒక చెట్టు పోతే అక్కడ చెట్టు ఉండేదని నలుగురికీ తెలుస్తుంది. దాని మొదట్లోని చీమ పోతే, అది అక్కడ ఉండేదని తెలియటానికి ఎవరో ఒకరు చూసి, తారీకు వేసి, చోటు రాసి పెట్టి ఉండాలి. జెర్డన్ చీమలు పోయినా ఆయన మాటలు మిగిలాయి గనక గెంతే చీమ మనకు మిగిలింది. ఆస్ట్రేలియాలో చోటు పేరు రాయనందుకు నలభై ఆరేళ్ళు వెతకవలసి వచ్చింది. మీ నోటు పుస్తకంలోని ఒక్క పేజీ రేపు ఎవరికి దారి చూపుతుందో ఇవాళ ఎవరం చెప్పగలం?

ఈ నెల సెలవు రోజున అరగంట సేపు ఏదైనా ఒక్క చీమను మాత్రమే చూడండి. చూసినది చూసినట్టు రాయండి. తరవాత ఆ కాగితాన్ని మీ స్నేహితుడికి ఇచ్చి, పేరు చెప్పకుండా, ఆ చీమను వెతికి పట్టుకోమనండి. అతను పోల్చుకోగలిగితే మీ వర్ణన నెగ్గినట్టే. పోల్చుకోలేకపోతే మళ్ళీ వెళ్ళి చూసి రాయండి. చీమ అక్కడే ఉంటుంది.

వచ్చే నెల పుట్టలు పెట్టే చెదపురుగుల సంగతి చెప్పుకుందాం.